'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' నినాద చరిత్ర: తెలుగు, ఇటాలియన్, జులా భాషల తులన, అనువాద పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అని 15వ శతాబ్ది వెనీస్ యాత్రికుడు నికోలో డి కాంటి కీర్తించాడన్న మాట పాఠ్యపుస్తకాల్లోనూ, ప్రసంగాల్లోనూ, అప్పుడప్పుడు పరిశోధన గ్రంథాల్లోనూ ఆధారం చూపకుండానే కనిపిస్తున్నది. ఈ నినాదం ఎక్కడ పుట్టి ఎలా నడిచిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నినాదానికి ఆధారమైన అజంతత్వం అనే లక్షణాన్ని శాసనభాషతోనూ, తాడేపల్లి–గుంటూరు ప్రాంతపు పత్తి, మిరప వ్యవహారంలోని ఎరువుమాటలతోనూ సరిచూస్తుంది. అదే లక్షణం గల పశ్చిమాఫ్రికా భాష జులాను మూడవ తూకంగా తీసుకొని, తెలుగు, ఇటాలియన్ భాషల అసలు సామ్యాలు ఎక్కడున్నాయో, అవి అనువాదంలో ఎలా బయటపడతాయో చర్చిస్తుంది.

కీలకపదాలు: అజంతత్వం, నికోలో డి కాంటి, జులా, ఎరువుమాటలు, ద్విత్వం, స్వామ్యబోధకాలు, అనువాదం.

1. ప్రవేశిక

భాషల్ని పోల్చడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి విని పోల్చడం, రెండవది విప్పి పోల్చడం. మొదటిదానికి చెవి చాలు. రెండవదానికి పదాల పట్టిక, ధాతువులు, వాక్యనిర్మాణం, వీటన్నిటికన్నా ముఖ్యంగా ఓపిక కావాలి. తెలుగు, ఇటాలియన్ భాషల విషయంలో మొదటి పద్ధతి మనకొక బిరుదు ఇచ్చింది. ఆ బిరుదు ఎంత తీయగా ఉన్నదంటే, రెండవ పద్ధతి అవసరమే మనకు తోచలేదు. ఇటాలియన్ వ్యాకరణం ఒక్క పుట కూడా తిరగేయకుండా తెలుగు ఇటాలియన్ వంటిదని చెప్పగలగడం వింతే.

తెలుగు పదాలు అచ్చుతో ముగుస్తాయి, ఇటాలియన్ పదాలూ అచ్చుతో ముగుస్తాయి, కనుక రెండూ సమానం అన్నది ఈ వాదం సారాంశం. అచ్చుతో ముగిసే భాషలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని పక్కన పెట్టి చూస్తే ఈ వాదం బలం ఎంతో తేలుతుంది. ఇక్కడ అందుకు ఎంచుకున్నది జులా. ఫ్రెంచి వర్ణక్రమాన్ని బట్టి దీన్ని 'ద్యులా' అని కూడా రాస్తారు. ఐవరీ కోస్ట్, బుర్కినా ఫాసో, మాలి దేశాల్లో సంతభాషగా వ్యాపించిన ఈ భాష మాండె కుటుంబంలో మాండింగ్ శాఖకు చెందినది. మాలిలోని బంబారాకు చాలా దగ్గరిది. 'జులా' అంటే వర్తకుడు. కోలాకాయలు, బంగారం మోసుకొని తిరిగిన వర్తకుల మాట కాలక్రమంలో వారి భాషకే పేరయింది.

2. కాంటి గ్రంథంలో ఉన్నదేమిటి?

కాంటి స్వయంగా గ్రంథం రాయలేదు. దాదాపు పాతికేళ్లు తూర్పుదేశాల్లో తిరిగి 1439 ప్రాంతంలో ఇటలీ చేరుకున్నాడు. నాలుగవ యూజీనియస్ పోపు ఆజ్ఞ మేరకు తన అనుభవాల్ని పోపు కార్యదర్శి పొగ్గియో బ్రాచ్చియోలీనికి చెప్పాడు. పొగ్గియో వాటిని లాటిన్‌లో రాసి, అదృష్టపు నిలకడలేమిని గురించిన తన గ్రంథంలో నాలుగవ భాగంగా చేర్చాడు. ఆ భాగం 1492లో మిలాన్‌లో విడిగా అచ్చయింది. 1502లో లిస్బన్‌లో వాలెంతిం ఫెర్నాందెష్ దాన్ని పోర్చుగీసులోకి అనువదించాడు. 1550లో వెనీస్‌లో రముజియో తన యాత్రాసంకలనంలో చేర్చడానికి ఇటాలియన్ పాఠం సిద్ధం చేసినప్పుడు, లాటిన్ ప్రతి దొరకక పోర్చుగీసు నుంచే అనువదించుకున్నాడు. ఇటాలియన్ వాడు చెప్పిన మాటలు లాటిన్‌లోకి, అక్కడి నుంచి పోర్చుగీసులోకి, మళ్లీ ఇటాలియన్‌లోకి తిరిగి వచ్చాయన్నమాట. మనవాళ్లు ఎక్కువగా చూసినది జాన్ వింటర్ జోన్స్ లాటిన్ నుంచి చేసిన ఆంగ్లానువాదం. అది 1857లో హక్లూయిట్ సంఘం ప్రచురించిన '15వ శతాబ్దిలో భారతదేశం' అన్న సంపుటంలో ఉన్నది.

ఆ పాఠంలో తెలుగునేల లేకపోలేదు. 1420 ప్రాంతంలో కాంటి చూసిన విజయనగరం అందులో 'బిజెనెగాలియా'. దాని చుట్టుకొలత అరవై మైళ్లని చెప్పాడు. 'పెలగొండ'ను పెనుకొండగా గుర్తించారు. 'ఒదెస్కిరియా', 'చెందెర్గిరియా' ఉదయగిరి, చంద్రగిరులు. అక్కడ ఎర్రచందనం పెరుగుతుందని కూడా ఉన్నది. ఎర్రచందనం చూసిన కన్ను ఉన్నది గాని, తెలుగు మాధుర్యం విన్న చెవి ఆ పాఠంలో ఎక్కడా లేదు. 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్న మాట గాని, ఆ అర్థం ఇచ్చే వాక్యం గాని అందులో కనిపించదు.

పాఠాన్ని పక్కన పెట్టి కాలాన్ని చూసినా ఆ మాట అతకదు. 15వ శతాబ్ది తొలి భాగంలో 'ఇటాలియన్' అని అందరూ ఒప్పుకున్న ఒకే ప్రమాణభాష లేదు. ఏ ప్రాంతపు వాడుకను సాహిత్యప్రమాణంగా తీసుకోవాలన్న వివాదం మరో వందేళ్లు నడిచింది. 14వ శతాబ్ది ఫ్లోరెన్స్ రచయితల భాష వైపు మొగ్గుతూ పియెత్రో బెంబో రాసిన గ్రంథం 1525లో వెలువడింది. పైగా వెనీస్ నగరపు వాడుకలో 'న్', 'ర్', 'ల్' తరువాతి చివరి అచ్చు చాలా పదాల్లో రాలిపోతుంది. ఫ్లోరెన్స్ వాళ్లు రొట్టెను 'పానె' అంటే వెనీస్ వాళ్లు 'పాన్' అంటారు. కుక్క అక్కడ 'కానె', ఇక్కడ 'కాన్'. అచ్చుతో ముగియడమే తన భాషకు గుర్తని వెనీస్ వర్తకుడికి తోచవలసిన అవసరమే లేదు.

3. నినాదం నడిచిన దారి

ఈ బిరుదు అచ్చులో తెలుగుకన్నా ముందు మరో భాషకు దక్కింది. 1783లో విలియం మార్స్‌డెన్ తన సుమత్రా చరిత్రలో, మృదుత్వం వల్ల మలయ్ భాషకు తూర్పుదేశపు ఇటాలియన్ అన్న పేరు వచ్చిందని రాశాడు. అప్పటికే అది వాడుకలో ఉన్న పేరన్న ధోరణిలో చెప్పాడు. 19వ శతాబ్ది ఆంగ్ల రచనల్లో తెలుగుకు ఈ పోలిక 'ఇటాలియన్ ఆఫ్ ఇండియా' అన్న రూపంలో కూడా కనిపిస్తుంది. ఆ శతాబ్దపు విద్యావంతుడైన ఆంగ్లేయుడికి ఇటాలియన్ అంటే ఆపెరా, గానం, యౌవనంలో చేసే ఐరోపా యాత్ర. చెవికి ఇంపైన ఏ విదేశభాషకైనా అతడు తగిలించగల పతకం అది. మలయ్‌కు తగిలించాడు, మనకూ తగిలించాడు. మన ఘనతను 15వ శతాబ్దికి జరపాలన్న కోరిక దానికి కాంటి పేరు జోడించింది.

విప్పి పోల్చే పద్ధతి మాత్రం వేరే దారిలో నడిచింది. ఇటాలియన్‌ను భారతీయ భాషతో నిజంగా పోల్చినవాడు 1580లలో గోవా, కొచ్చిన్‌లలో ఉన్న ఫ్లోరెన్స్ వర్తకుడు ఫిలిప్పో సస్సెట్టి. అతడు తూచినది సంస్కృతాన్ని. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది సంఖ్యల పేర్లు, దేవుడు, పాము అన్న మాటలు రెండు భాషల్లోనూ దగ్గరగా ఉన్నాయని తన ఉత్తరాల్లో గమనించాడు. 'సప్త'కు 'సెత్తె', 'నవ'కు 'నొవె', 'సర్ప'కు 'సెర్పె'. తెలుగు విషయంలో ఈ పని 1816లో జరిగింది. ఆ ఏట మద్రాసులో అచ్చయిన ఎ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ఒక పీఠిక రాశాడు. తెలుగు, తమిళ, కన్నడ ధాతువుల్ని పక్కపక్కన పేర్చి, తెలుగు సంస్కృతజన్యం కాదని చూపినది అందులోనే. ఆ వాదానికి తోడ్పడిన దేశీయ గ్రంథాల్లో మచిలీపట్నం వాసి మామిడి వెంకయ్య 'ఆంధ్రదీపిక' ఒకటి. వెంకయ్య వర్తకకుటుంబీకుడు. సస్సెట్టి వర్తకుడు. జులా అంటేనే వర్తకుడు. మాటల్ని తూచి లెక్కగట్టే అలవాటుకు, సరుకును తూచే అలవాటుకు ఏదో చుట్టరికం ఉన్నట్టు తోస్తుంది. దీన్ని వాదంగా చెప్పడం లేదు.

కాల్డ్‌వెల్ 1856 నాటి ద్రావిడ వ్యాకరణంలో శ్రావ్యత విషయంలో తెలుగుకు ప్రథమస్థానం ఇచ్చాడు. మన సాహిత్యచరిత్రల్లో ఈ ప్రశంస, కాంటికి అంటగట్టిన ప్రశంస ఒకే వరుసలో కూర్చుంటాయి. ఒకదానికి గ్రంథాధారం ఉన్నది, రెండవదానికి లేదన్న భేదం అలా మరుగున పడిపోయింది.

4. అచ్చుకు చేరిన రెండు దారులు

అజంతత్వం తెలుగుకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. కృష్ణ ఎగువన అమరావతి రాతిమీది 'నాగబు' తొలి తెలుగు పదమని వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు. అది స్వతంత్ర పదమా, ప్రాకృత నామంలో భాగమా అన్న చర్చ తరువాత వచ్చింది. ఆ ఒక్క మాటను పక్కన పెట్టి, వాక్యాలుగా నిలిచిన తొలి తెలుగును చూడాలంటే కడప సీమకు వెళ్లాలి. క్రీ.శ. 575 ప్రాంతానికి చెందినదిగా భావించే రేనాటి చోళుల కలమళ్ల శాసనంలో 'ఏళన్' అన్న రూపం ఉన్నది. ఎఱ్ఱగుడిపాడు శాసనంలో 'ఎరికల్' ఉన్నది. రెండూ హల్లుతో ముగిసినవే. నేటి తమిళంలో 'కణ్', 'కాల్', 'ఊర్', 'పాల్' అన్నవి తెలుగులో 'కన్ను', 'కాలు', 'ఊరు', 'పాలు' అయినాయి. తెలుగు చివర ఉకారాన్ని చేర్చుకున్నది. హ్రస్వం తరువాతి ఏకాక్షరపదమైతే హల్లును ద్విత్వం చేసి చేర్చుకున్నది, దీర్ఘం తరువాత అలాగే చేర్చుకున్నది. 'కన్ను', 'ముల్లు' ఒక తీరు, 'కాలు', 'ఊరు' మరో తీరు.

ఇటాలియన్ చేసినది దీనికి సరిగ్గా ఎదురు. అది చివరి హల్లును పోగొట్టుకున్నది. లాటిన్ 'అమత్' (ప్రేమిస్తాడు) 'అమ' అయింది. 'లుపుమ్' (తోడేలు) 'లుపొ' అయింది. 'సెక్స్' (ఆరు) 'సెయి' అయింది. ఒకరు గోడ కట్టి గుమ్మానికి చేరారు, ఇంకొకరు గోడ కూల్చి చేరారు. గుమ్మం ఒకటే కనుక ఇల్లూ ఒకటే అనడం చరిత్రకారుడు చేయవలసిన పని కాదు. (ఇటాలియన్ తొలి లిఖిత సాక్ష్యాల్లో ముఖ్యమైనది 960 నాటి కాపువా న్యాయపత్రం. అది భూవివాదంలో సాక్షుల ప్రమాణవాక్యం. మన రేనాటి శాసనాలు భూదానపత్రాలు. దేశభాష రాతకెక్కడానికి రెండు చోట్లా భూమే కారణమైంది. అచ్చులకన్నా ఈ సామ్యం ఆలోచించదగ్గది.)

నేటి తెలుగు కూడా పూర్తిగా అజంతం కాదు. పుస్తకం, అన్నం, దేశం, వ్యవసాయం వంటి వేలాది పదాలు బిందువుతో ముగుస్తాయి. సంప్రదాయ వ్యాకరణం పదాలను కళలనీ, ద్రుతప్రకృతికాలనీ విభజించినది చివరి నకారం ఆధారంగానే. కనుక సరైన సూత్రం ఇది: తెలుగు పదం అచ్చుతో గాని, అనునాసికంతో గాని ముగుస్తుంది. ఇటాలియన్ సూత్రం వేరు. అక్కడ నామక్రియలు దాదాపు అన్నీ అచ్చుతో ముగిసినా, 'ఇల్', 'పెర్', 'కొన్', 'నొన్' వంటి చిన్న మాటలు హల్లుతో ముగుస్తాయి. అవి లేకుండా ఒక్క పేరా రాయడం కష్టం.

5. జులాను పక్కన పెడితే

జులా పదం అచ్చుతో గాని, అనునాసికమైన అచ్చుతో గాని ముగుస్తుంది. 'సొ' అంటే ఇల్లు. 'ఫా' అంటే తండ్రి. 'సఁ' అంటే కొను. 'దెఁ' అంటే బిడ్డ. 'కఁ' అంటే గొంతు, భాష. ఆ భాష తనను తాను 'జులకఁ' అని పిలుచుకుంటుంది. 'అచ్చు లేదా అనునాసికం' అన్న సూత్రం అక్షరాలా తెలుగుదే. మనకు బిరుదు తెచ్చిన లక్షణంలో మనకు ఎక్కువ దగ్గరిది వెనీస్ కాదు, బోబో–ద్యులాసో. బుర్కినా ఫాసో పత్తి వ్యాపారానికి కేంద్రమైన ఆ నగరం, గుంటూరు సీమవారికి వ్యవహారంలోనూ పరాయిదిగా తోచదు.

జులాను 'ఆఫ్రికా ఇటాలియన్' అన్న పేరుతో ఎవరూ మన చెవిన వేయలేదు. 1901లో మోరిస్ దెలాఫోస్ ప్రచురించిన మాండె భాషా బోధిని జులా మాండలికం ఆధారంగానే సాగింది. అది వలసపాలనాధికారి రాసిన ఉపయోగగ్రంథం. సంతలో బేరం, దారిలో బంట్రోతు, కచేరీలో సాక్షి, ఇవి దాని అవసరాలు. ఒకే ధ్వనిలక్షణం ఒక భాషకు సంగీతపు పతకం, మరో భాషకు సంతభాష అన్న గుర్తింపు తెచ్చింది. తేడా ధ్వనిలో లేదు. విన్నవాడు ఆ భాష మాట్లాడేవారిని ఏ మెట్టుమీద నిలబెట్టాడన్న దానిలో ఉన్నది. మనం గర్వంగా చెప్పుకొనే పోలిక ఆ మెట్లవరుసను ప్రశ్నించకుండా ఒప్పుకుంటున్నది. ఈ వ్యాసకర్తకు ఈ అంశంలో అన్నిటికన్నా అభ్యంతరకరంగా తోచినది ఇదే.

న్యాయంగా చెప్పాలంటే కొన్ని విషయాల్లో ఇటాలియన్, జులాలే దగ్గర. రెండింటిలోనూ మూల అచ్చులు ఏడు. 'ఎ', 'ఒ'లకు వివృత, సంవృత భేదం ఉన్నది. తెలుగులో ఆ భేదం అర్థాన్ని మార్చదు. అర్థాన్ని మార్చేది హ్రస్వదీర్ఘభేదం. జులాలో పైస్థాయి, కిందిస్థాయి అన్న స్వరభేదం కూడా అర్థభేదకం. అది తెలుగుకూ లేదు, ఇటాలియన్‌కూ లేదు. తెలుగు, ఇటాలియన్‌లు జులాను విడిచి చేయి కలిపేది ద్విత్వం దగ్గర. ఇటాలియన్‌లో 'ఫాతొ' అంటే విధి, 'ఫాత్తొ' అంటే జరిగిన సంగతి. తెలుగులో 'అటు' వేరు, 'అట్టు' వేరు. నినాదం చెప్పే పదాంతంలో కన్నా పదమధ్యంలో ఈ రెండు భాషల బంధం గట్టిది.

6. యార్డు మాటల సాక్ష్యం

భాష తన సొంత పదాల్లో దాచుకున్న నియమాన్ని ఎరువుమాట దగ్గర బయటపెడుతుంది. తాడేపల్లి, మంగళగిరి మీదుగా గుంటూరు మిర్చి యార్డు దాకా సాగే వ్యవహారాన్ని వింటే ఈ నియమం రోజూ పనిచేస్తూ కనబడుతుంది. పత్తి ఆడించే చోటు 'మిల్లు', అక్కడ కట్టేది 'బేలు', రైతు చేతికిచ్చేది 'బిల్లు', లారీకి ఎత్తేది 'లోడు', సరుకు దించేది 'యార్డు'లో, అమ్మిపెట్టేవాడు 'ఏజెంటు', వాడు పట్టుకొనేది 'కమీషను', చేనికి నీళ్లిచ్చేది 'బోరు'. మిల్లు, బిల్లులలో హ్రస్వం మీద ద్విత్వం, బేలు, లోడు, బోరులలో దీర్ఘం మీద ఒంటి హల్లు. ఆరవ శతాబ్ది తరువాత 'ముల్లు', 'కాలు' పదాలను తీర్చిన అచ్చే ఇది. చదువుకున్న యువకుడు 'యార్డ్' అని ముగించినా, విభక్తి చేర్చేసరికి 'యార్డులో', 'బిల్లుకు' అనక తప్పదు.

జులా, బంబారాలు ఫ్రెంచి మాటల్ని ఇలాగే తీర్చుకున్నాయి. బడి 'ఎకోల్' అక్కడ ఫ్రెంచి ఉపపదాన్ని కూడా కలుపుకొని 'లెకొలి' అయింది. బల్ల 'తాబ్ల్' 'తబలి' అయింది. చక్కెర 'సుక్ర్' 'సుకరొ' అయింది. మోటారుబండి 'మొబిలి'. తెలుగు చేర్చే అచ్చు దాదాపు ఎప్పుడూ ఉకారం. వాళ్లది ఇకారమో, ఒకారమో. పద్ధతి మాత్రం ఒకటే: హల్లుతో వచ్చినవాడు అచ్చు తొడుక్కొని లోపలికి రావాలి.

ఇటాలియన్ ఇక్కడ తన బిరుదుకు తగినట్టు నడవదు. ప్రమాణ ఇటాలియన్‌లో 'బార్', 'స్పోర్ట్', 'ఫిల్మ్', 'కంప్యూటర్' హల్లుతోనే ఉండిపోయాయి. అయితే టస్కనీ సామాన్యజనుల పలుకుబడిలో 'బార్' 'బార్రె' అవుతుంది, 'త్రామ్' 'త్రామ్మె' అవుతుంది. ద్విత్వం, దానిమీద అచ్చు. 'బస్' 'బస్సు' అయిన తీరే ఇది. తెలుగుకు నిజంగా చుట్టమైన ఇటాలియన్ పలుకు ఉన్నది. అది ఆంగ్లేయ ప్రభువు విన్న ఆపెరా గాయకుడి నోట లేదు, ట్రాము కోసం నిలబడ్డ టస్కనీ మనిషి నోట ఉన్నది.

మిరప పేరు ఇంకొక తీరు సామ్యాన్ని చూపుతుంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన కొత్త కాయకు తెలుగు, ఇటాలియన్‌లు రెండూ పాత మిరియం పేరునే సాగదీశాయి. 'మిరప' మన 'మిరియం' కుదుటిదే. 'పెపెరొంచీనొ' ఇటాలియన్ మిరియం 'పెపె' నుంచి పుట్టినది. మాండింగ్ భాషల 'ఫొరొంతొ' ఈ దారిన రాలేదు. ధ్వనిలో మూడూ అజంతాలే. పేరు పెట్టిన ఊహలో మాత్రం రెండు ఒకవైపు, ఒకటి మరోవైపు.

7. 'మా నాన్న' పరీక్ష

పోలిక ఎక్కడ లోతుకు దిగుతుందో చూడాలంటే ఒక చిన్న వాక్యఖండాన్ని మూడు భాషల్లోకి అనువదించి చూస్తే చాలు. తెలుగులో పుస్తకాన్ని 'నా పుస్తకం' అంటాం. తండ్రిని 'నా నాన్న' అనం, 'మా నాన్న' అంటాం. తోడబుట్టినవారెవరూ లేని ఒక్కగానొక్క కొడుకైనా అలాగే అంటాడు. ఇటాలియన్‌లో 'నా పుస్తకం' అనడానికి ఉపపదం కావాలి: 'ఇల్ మియొ లీబ్రొ'. 'నా తండ్రి' అన్నప్పుడు ఆ 'ఇల్' రాలిపోతుంది: 'మియొ పాద్రె'. జులాలో మోటారుబండి నాదని చెప్పాలంటే నడుమ 'క' అనే స్వామ్యబోధకం ఉండాలి: 'న్ క మొబిలి'. తండ్రి దగ్గర దానికి చోటు లేదు: 'న్ ఫా'. చరిత్రలో కలవని మూడు భాషలు మూడు వేర్వేరు పనిముట్లతో ఒకే గీత గీశాయి. ఉన్న వస్తువు వేరు, అయిన మనిషి వేరు.

గీత ఒకటే గాని అది మూడు చోట్లా ఒకే దారిన సాగదు. ఇంటిని తెలుగు బంధువుల వరుసలో కూర్చోబెట్టి 'మా ఇల్లు' అంటుంది, ఊరినీ అలాగే 'మా ఊరు' అంటుంది. ఇటాలియన్ 'కాజా మియా' అన్నప్పుడు ఉపపదం వదిలి, క్రమం తిప్పి ఇంటికి ప్రత్యేకత ఇస్తుంది. జులా మాత్రం 'న్ క సొ' అని ఇంటిని బండి సరసన ఆస్తిగా లెక్కిస్తుంది. శరీరావయవాల దగ్గర గీత మళ్లీ మారుతుంది. జులాలో చెయ్యి 'న్ బొలొ', 'క' అక్కరలేదు. తెలుగులో అది 'నా చెయ్యి', 'మా చెయ్యి' కాదు. ఇటాలియన్‌లో బంధువులే బహువచనమైతే ఉపపదం తిరిగి వస్తుంది: 'ఇ మియెయి ఫ్రతెల్లి', నా సోదరులు.

ఈ భేదాలన్నీ ఆంగ్లం గుండా వస్తే ఒక్క 'మై'లో కరిగిపోతాయి. ఇటాలియన్ నవల గాని, పశ్చిమాఫ్రికా కథ గాని తెలుగుకు ఆంగ్లం ద్వారా వచ్చేటప్పుడు నష్టం మొదలయ్యేది ఇలాంటి అల్పాక్షరాల దగ్గరే. అనువాదకుడు 'మై ఫాదర్'ను 'నా తండ్రి' అని రాస్తాడు. మూలంలోనూ, లక్ష్యభాషలోనూ ఉన్న భేదం మధ్యవర్తి ఇంట్లో లేకపోవడంతో పోతుంది.

క్రియ దగ్గర మరో చిక్కు ఉన్నది. జులాలో 'అ బె మలొ తొబి' అంటే ఎవరో ఒకరు అన్నం వండుతున్నారు. 'అ' పురుషుడు కావచ్చు, స్త్రీ కావచ్చు. కర్త, సహాయక్రియ, కర్మ, చివర క్రియ అన్న ఈ వరుసలో కర్మ క్రియకు ముందే వస్తుంది. 'ఇంట్లో' అని చేర్చాలంటే 'సొ కొనొ' అంటారు. 'ఇంటి లోపల' అన్నట్టే నామం తరువాత స్థానబోధకం. అయితే ఆ పదబంధం క్రియ తరువాత నిలుస్తుంది. ఇటాలియన్‌లో 'కువొచె ఇల్ రీజొ' అనవచ్చు. క్రియ ముందు, కర్మ తరువాత, వరుస తారుమారు. కాని సర్వనామం లేకుండానే వాక్యం నిలబడుతుంది కనుక, వండేది ఎవరన్నది అక్కడా తెలియదు. తెలుగుకు ఆ వెసులుబాటు లేదు. 'వండుతున్నాడు' అనాలి, లేదా 'వండుతున్నది' అనాలి. వాక్యక్రమంలో జులాకు దగ్గరైన తెలుగు, లింగం దగ్గర అనువాదకుణ్ణి ఇరుకున పెడుతుంది. దారి ఒక్కటే ఉన్నది: 'వండుతున్నారు'. గౌరవబహువచనం లింగాన్ని దాచుకుంటుంది. దానితో పాటు మూలంలో లేని మర్యాద కూడా వచ్చి చేరుతుంది. ఆ మర్యాద పాత్రకు తగినదా కాదా అన్నది ప్రతి వాక్యంలో తేల్చుకోవలసినదే.

8. లిపి, ఒక క్రియ

జులాను ఫ్రెంచి ప్రభావంతో రోమన్ లిపిలో రాస్తారు. 1949లో సులేమాన కాంతె మాండింగ్ భాషల కోసం రూపొందించిన 'న్‌కో' లిపి కూడా ఉన్నది. తెలుగు లిపిలో ఆ మాటల్ని రాయవలసి వచ్చినప్పుడు వివృత 'ఎ', 'ఒ'లకు మనకు గుర్తులు లేవు, స్వరస్థాయిలకూ లేవు. అనునాసికమైన అచ్చుకు మాత్రం ఉన్నది. అచ్చు పుస్తకాలు ఎన్నడో వదిలేసిన అరసున్న అందుకు సరిగ్గా సరిపోతుంది. ఈ వ్యాసంలో 'సఁ', 'దెఁ', 'కఁ' అని రాసినది అందుకే. నిండు సున్న రాస్తే పాఠకుడు మకారం పలుకుతాడు, నకారపొల్లు రాస్తే హల్లు పలుకుతాడు. రెండూ తప్పే.

ఆ అరసున్నతోనే రాయవలసిన మరో మాండింగ్ క్రియ 'బఁ', అంటే ముగియు, అయిపోవు. ఐవరీ కోస్ట్ రచయిత అమదూ కురుమా 1968లో మాంట్రియల్‌లో తొలిసారి ప్రచురించిన నవలలో, మనిషి చనిపోయాడని చెప్పడానికి 'ముగించాడు' అన్న అర్థం గల ఫ్రెంచి క్రియను వాడాడు. అది తన మలింకె భాషలోని ఈ క్రియకు మక్కీకి మక్కి అనువాదం. ఫ్రెంచి పాఠకుడు అక్కడ తడబడాలన్నదే రచయిత ఉద్దేశం. తెలుగు అనువాదకుడు దాన్ని 'చనిపోయాడు' అంటే తడబాటు పోతుంది, 'ముగించాడు' అంటే ఏం ముగించాడన్న ప్రశ్న మిగులుతుంది. తెలుగులో మరణానికి ఆయువు చెల్లిందని, నూకలు చెల్లాయని అనే వాడుక ఉన్నది. 'చెల్లు' అంటే అయిపోవడమే. 'చెల్లిపోయాడు' అని రాస్తే అర్థం అందుతుంది. కర్తస్థానంలో నూకలకు బదులు మనిషే నిలబడతాడు కనుక మూలంలోని తడబాటూ కొంత దక్కుతుంది. ఫ్రెంచి ఆ క్రియను మలింకె నుంచి అరువు తెచ్చుకోవలసి వచ్చింది. తెలుగుకు అది ఇంట్లోనే ఉన్నది.